రాయి మార్చండి బాబూ

చర్చి కూటాల్లో సాక్ష్యం చెప్పేవాళ్లు తరచుగా ఒకే వరసలో చెబుతారు. ఫలానాది పోగొట్టుకున్నాను, దేవుడు దానికి రెండింతలు ఇచ్చాడు అని. చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అవి అబద్ధాలని అనను. కొందరికి అలాగే జరిగింది, నేను చూశాను. కానీ మా ఇంట్లో పోయినవి పోయినట్టే ఉండిపోయాయి. ఉద్యోగం పోయింది, మళ్లీ రాలేదు. పొలం వాటా అంతే, నా సీటూ అంతే. అయినా నాన్న ప్రభువును వదల్లేదు, అమ్మ వదల్లేదు, నేనూ వదల్లేదు. ఇలాంటి ఇళ్లు మన సంఘాల్లో చాలా ఉన్నాయి. వాళ్లను మైకు ముందుకు ఎవరూ పిలవరు, వాళ్ల కథకు పిలిచినవాళ్లు ఆశించే ముగింపు ఉండదు గనక. మా తమ్ముడి కూతురు ఈ మధ్య తాతయ్య గురించి గుచ్చిగుచ్చి అడుగుతోంది. దానికోసం రాయడం మొదలుపెట్టాను, రాస్తుంటే అందరికీ చెప్పాలనిపించింది.

మాది ఒడిశాలోని గునుపూర్. వంశధార ఒడ్డున ఉంటుంది. ఇప్పుడు రాయగడ జిల్లా, నా చిన్నప్పుడు కొరాపుట్ జిల్లా; 1992 అక్టోబరు 2న విడదీశారు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో సవర మాటలు కలిపిన తెలుగు. అప్పట్లో నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే చిన్న రైలుకి మా ఊరే ఆఖరు స్టేషను. ఆ లైను 1900లో పర్లాకిమిడి దాకా పడితే, మా ఊరు చేరేసరికి 1931 అయింది. నాన్న ఈ ఊరికి వచ్చింది ఆ రైల్లోనే.

నాన్నది పాతపట్నం దగ్గర పల్లె. ఊరి చివర పేట, అమ్మవారి సంబరానికి డప్పు కొట్టే ఇల్లు. ఇంటికి పెద్ద కొడుకు. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, పర్లాకిమిడిలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడు సంబరానికి ఇంటికి వెళ్లి, డప్పు పట్టనన్నాడు. ఊరిపెద్దలు తప్పు కట్టమన్నారు. తప్పు డబ్బులు కట్టాడు గానీ డప్పు పట్టలేదు. "నువ్వు మనిషివి మారిపోనావురా" అని మా మామ్మ ఏడ్చిందట. మారడం కోసమే కదా తీసుకున్నాను అని నాన్న మనసులో అనుకున్నాడట, పైకి అనలేదు.

పర్లాకిమిడి మాటొస్తే నాన్న పురుషోత్తమ చౌదరి గారిని తలుచుకోకుండా ఉండేవాడు కాదు. ఆయన ఆ ప్రాంతం వాడే, 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందాడు. ఆయన కట్టిన కీర్తనలు తెలుగు సంఘాల్లో ఇప్పటికీ పాడుకుంటున్నాం. "ఆయన అగ్రహారం నుంచి వచ్చాడు, నేను పేట నుంచి వచ్చాను. ఇద్దరికీ ఇల్లు వదలడం మాత్రం తప్పలేదు" అనేవాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కొంచెం గర్వం ఉండేది. నూట యాభై ఏళ్ల కిందటి మనిషిని పక్కింటి అన్నయ్యలా చెప్పుకునేవాడు.

గునుపూర్లో ఒక చింతపండు షావుకారు దగ్గర గుమాస్తాగా కుదిరాడు. చిట్టా రాయడం, ఆవర్జాలోకి పద్దులు ఎక్కించడం ఆయన పని. దస్తూరీ ముత్యాల్లా ఉండేది. మాఘం పోయి ఎండలు ముదిరేసరికి కొండల మీద నుంచి సవరలు కావిళ్లతో దిగేవారు. చింతపండు, పసుపు, కొండచీపుర్లు, కరక్కాయలు. తిరిగి వెళ్లేటప్పుడు కావిట్లో ఉప్పు, ఎండుచేపలు, ఒక గుడ్డ ముక్క. షావుకారు కొట్టు ముందంతా పులుపు వాసన. నాన్న చొక్కాకి కూడా అదే వాసన ఉండేది, అమ్మ ఎంత ఉతికినా పోయేది కాదు.

ఒక సీజనులో కాటా వేసే మనిషికి జ్వరం వచ్చి మంచం పట్టాడు. షావుకారు నాన్నను కాటా దగ్గర నిలబడమన్నాడు. దూలానికి వేలాడే పెద్ద కాటా. ఒక పళ్లెంలో ఇనప రాళ్లు, రెండో పళ్లెంలో సరుకు. తూకపు రాయి అడుగున ఒక గుంట ఉంటుంది, అందులో సీసం పోసి ఉంటుంది, ఆ సీసం మీద తూనికల శాఖ వాళ్లు ముద్ర కొడతారు. నాన్న మొదటిరోజు ఐదు కిలోల రాయి ఎత్తగానే చేతికి తేడా తెలిసిందట. తిరగేసి చూశాడు. అడుగున సీసం గుంట నిండి పైకి ఉబ్బి ఉంది, ముద్ర లేదు. పక్కనే గోనె కింద ఇంకో జత రాళ్లు ఉన్నాయి, ముద్రలున్నవి. అవి అమ్మేటప్పుడు వాడే రాళ్లు, ఇవి కొనేటప్పుడు వాడే రాళ్లు. దీనిమీద మళ్లీ బస్తాకి ఇంతని తరుగు తీసేవారు. తరుగు సంగతి నాన్నకి ముందే తెలుసు, రోజూ చిట్టాలో రాసేది ఆయనే. రాళ్ల సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది.

ఆ రోజు సాయంత్రం దాకా ఆ రాళ్లతోనే తూచాడు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. అమ్మ చెప్పేది, రాత్రంతా గుడ్డి దీపం దగ్గర బైబిలు ముందేసుకుని కూర్చున్నాడని. సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం మొదటి వచనం: "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." ఆ వచనం కింద నీలం సిరాతో గీసిన గీత ఇప్పటికీ ఉంది. ఆ బైబిలు నా దగ్గరే ఉంది.

పొద్దున్నే వెళ్లి షావుకారుతో అన్నాడు. "రాయి మార్చండి బాబూ. లేకపోతే నన్ను మార్చండి."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ షావుకారు రాక్షసుడేమీ కాదు. నేను పుట్టినప్పుడు అమ్మకి మందులు కొనిచ్చింది ఆయనే. పండక్కి మా ఇంటికి బట్టలు పంపేవాడు. నాన్న మాట విని ఆయన కోప్పడలేదు, నచ్చజెప్పాడు. "ఒరే అబ్బీ, ఈ బజార్లో అందరి రాళ్లూ ఇవే. నేనొక్కణ్ణి మారిస్తే ఆ రేటుకి కొనలేను, పక్కవాడు కొంటాడు. పాపమయితే నాది, నీకేటి?" అన్నాడు. నాన్న దగ్గర దానికి పెద్ద జవాబేమీ లేదు. "తూచే చెయ్యి నాది కదా బాబూ" అన్నాడట, అంతే. వారం గడువిచ్చాడు షావుకారు. వారం తరవాత లెక్క తేల్చి, బాకీ లేకుండా జీతం చేతిలో పెట్టి పంపేశాడు. ఆ సంగతి ఊరంతా తెలిసింది. ఇంక ఏ కొట్లోనూ గుమాస్తాగిరీ దొరకలేదు. రాళ్లు తిరగేసి చూసే గుమాస్తాను ఎవరు పెట్టుకుంటారు?

తరవాతి సంవత్సరాలు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అన్నీ ఒకేలా గడిచాయి. నాన్న సైకిలు మీద ఉప్పు, ఎండుచేపలు వేసుకుని సంతలకి వెళ్లేవాడు. ముద్రలున్న చిన్న తక్కెడ ఒకటి కొనుక్కున్నాడు. సరైన తూకం వేస్తే సవరలందరూ నాన్న దగ్గరికే వస్తారని నేను అనుకునేదాన్ని. రాలేదు. వాళ్లు రాకపోవడానికి కారణం నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. వానాకాలంలో తిండిగింజలు అయిపోయినప్పుడు వాళ్లు షావుకార్ల దగ్గర ముందే అప్పు తెచ్చుకుంటారు. సరుకు చేతికొచ్చాక అప్పిచ్చినవాడికే తెచ్చి పొయ్యాలి, ఆయన చెప్పిన రేటుకి, ఆయన రాయితో. మా నాన్న దగ్గర సరైన తక్కెడ ఉంది, అప్పివ్వడానికి డబ్బు లేదు. కొండమనిషికి ఆకలి వేళ కావలసింది అప్పు. కాబట్టి నాన్న ఉద్యోగం వదులుకున్నందువల్ల ఆ సవరలకు పెద్దగా ఒరిగింది కూడా లేదు. ఆయన చెయ్యి ఆ రాయిని ఎత్తలేదు, జరిగింది అంతవరకే. ఇది తక్కువ అని కొందరు నాతో వాదించారు. నేను ఎన్నడూ తక్కువ అనుకోలేదు.

అమ్మ విస్తర్లు కుట్టేది. అడ్డాకులు మోపులుగా తెప్పించుకుని, వెదురు పుల్లలు సన్నగా చీల్చి, ఒడిలో పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా కుట్టేది. ఆకు మీద ఆకు పరిచి పుల్ల గుచ్చి తుంచేటప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్లం. బొటనవేలి కొస ఎప్పుడూ పగిలి ఉండేది.

ఆ రోజుల్లో కూడా అమ్మ పిడికెడు బియ్యం ఆపలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: మా సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం అది దేవుని పనికి. మా ఇంట్లో అది పచ్చ డాల్డా డబ్బా. గిన్నెలో బియ్యం అడుగంటిన రోజు నేను అమ్మ చెయ్యే చూస్తూ ఉండేదాన్ని, ఈరోజైనా వెయ్యదేమో అని. వేసేది. పిడికిలి చిన్నదిగా పట్టేది, కానీ వేసేది. "ఇంట్లో తినడానికి లేదు, వాళ్లకెందుకమ్మా?" అన్నానొకసారి. "పాస్టరమ్మ పిల్లలు కూడా తినాల కదే" అంది. మా పాస్టరు గారికి సంఘం ఇచ్చేది ఎంతో నాకు తరవాత తెలిసింది. ఆయన పిల్లలు మాకంటే ఆకలితో ఉండేవాళ్లు.

మా ఇంటి పక్కన ఒక ఒడియా కుటుంబం ఉండేది. ఆవిడను మౌసీ అనేవాళ్లం. జూన్‌లో వచ్చే ఒడియావాళ్ల పండగ రజ సంక్రాంతికి ఆవిడ చేసే పోడపిఠా వాసన వీధి వీధంతా వచ్చేది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి, అరిటాకులో చుట్టి నిప్పుల మీద నెమ్మదిగా కాలుస్తారు, పై పొర నల్లగా మాడి లోపల మెత్తగా ఉంటుంది. ఒక ఏడు ఆవిడ దాన్ని దేవుడికి పెట్టి, మా ఇంటికి పళ్లెంలో తెచ్చింది. "టికే నిఅ", కొంచెం తీసుకోండి అంటూ గుమ్మంలో నిలబడింది. అమ్మ రెండు చేతులూ చీరకి తుడుచుకుంది, పళ్లెం వైపు చూసింది, మౌసీ వైపు చూసింది. తరవాత, దేవుడికి పెట్టింది మేం తినం అక్కా, ఏమీ అనుకోవద్దు అంది. మౌసీ ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. పళ్లెం మీద కొంగు కప్పుకుని వెళ్లిపోయింది. నేను తలుపు చాటున నిలబడి అదంతా చూశాను. అమ్మ ఆ మధ్యాహ్నం ఏడ్చింది. ఉద్యోగం పోయినప్పుడు కూడా అమ్మ అలా ఏడవలేదు.

క్రీస్తు కోసం వదులుకోవడం అంటే చెడును వదులుకోవడం అని చాలామంది ప్రసంగాల్లో చెబుతారు. సారాయి మానేశాను, జూదం మానేశాను. అది సులువైన భాగం. ఒక మంచి మనిషి ప్రేమతో తెచ్చిన పళ్లేన్ని వద్దనడం ఎంత కష్టమో అమ్మను అడగాలి. నాకిప్పుడు యాభై దాటాయి, ఆ రోజు అమ్మ చేసింది సరైనదేనా అని చాలాసార్లు ఆలోచించాను. మా సంఘంలోనే తీసుకునేవాళ్లున్నారు, విగ్రహాలకు పెట్టిన తిండి గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకు రాసిన మాటల్ని వాళ్లు ఒకలా చదువుకుంటారు, మేము ఒకలా చదువుకుంటాం. వాళ్లని నేను తప్పుపట్టను.

కొన్నాళ్లు మౌసీ మాతో మాట్లాడలేదు. మరుసటి రజకి మళ్లీ వచ్చింది. చేతిలో అరిటాకు పొట్లం. "నైవేద్యం పెట్టకముందే మీ వాటా కోసి పక్కన పెట్టేశాను, తినండి" అంది ఒడియాలో, కొంచెం కోపంగానే. అప్పట్నుంచి బతికున్నంత కాలం ప్రతి ఏడూ అలాగే కోసి పెట్టింది. వాళ్ల అత్తగారు దానికోసం ఆవిడను తిట్టేదని మాకు తెలుసు. మా శిష్యరికానికి మౌసీ కూడా వెల కట్టింది, ఆవిడకేమీ సంబంధం లేకపోయినా.

మామ్మ పోయిన కబురు వచ్చినప్పుడు నాన్న మొదటి రైలెక్కి వెళ్లాడు. పెద్ద కొడుకు కాబట్టి కొరివి ఆయనే పెట్టాలి. పాడె మోస్తాను, కట్టెలు మోస్తాను, ఖర్చంతా పెట్టుకుంటాను, పిండం మాత్రం పెట్టలేను అన్నాడు. చిన్నాన్న పెట్టాడు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర నాన్నను ఎవరూ రమ్మనలేదు. వీధరుగు మీద కూర్చుని ఉండి, సాయంత్రం రైలుకి వచ్చేశాడు. తల్లి పోయిన బాధ ఒకటి, తల్లికి పనికిరాని కొడుకన్న మాట ఒకటి. పొలంలో వాటా కూడా అప్పుడే పోయింది. ఒక ప్లీడరు గారు చెప్పారు, మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోకుండా 1850లోనే చట్టం ఉంది, కేసు వేస్తే నాన్న వాటా నాన్నకు వస్తుందని. నాన్న వెయ్యలేదు. "తమ్ముడి మీద కోర్టుకెక్కి గెలిచి, ఆ డబ్బుతో కూడు తిని, ఆదివారం ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోవడానికి ఎలా కూర్చోను?" అన్నాడు. అమ్మ ఆ ఒక్క విషయంలో మాత్రం నాన్నతో గట్టిగానే పోట్లాడింది. పిల్లలున్నారు, ఆడపిల్ల ఉంది అంది. నాన్న వినలేదు.

ఇక నా సంగతి. ఇది కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే తమ్ముడి కూతురు అడుగుతున్నది దీని గురించే.

1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్లను షెడ్యూల్డు కులస్థులుగా పరిగణించరు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉన్నారు. గిరిజనుల విషయంలో ఇలాంటి షరతు లేదు. నా క్లాసులో ఒక సవర అమ్మాయి ఉండేది, వాళ్లూ క్రైస్తవులే, నాకంటే గట్టిగా ప్రార్థన చేసేది. ఆ అమ్మాయి ధ్రువపత్రానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. మా పేటను మాత్రం బాప్తిస్మం నీళ్లు పెద్దకులం చేసేసినట్టు లెక్క. బావి దగ్గర మమ్మల్ని చూసే చూపు మారలేదు, టీ కొట్టు గ్లాసు మారలేదు, సర్టిఫికెట్ మాత్రం పోయింది. ఇది అన్యాయమని నేను నమ్ముతున్నాను. ఆ షరతు తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ కూడా సిఫారసు చేసింది.

1988లో నేను ఇంటర్ సైన్సు అయ్యాక వైద్య కళాశాల ఎంట్రన్సుకి దరఖాస్తు పెట్టాలి. నాకు డాక్టరు కావాలని ఉండేది. మా పేటలో ప్రసవం కష్టమై చనిపోయిన ఒక పిన్నిని చూసినప్పటి నుంచీ ఉండేది. నాన్నా నేనూ కలిసి తహసీలు ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా మంచివాడు, నాన్న చేతిరాత చూసి ముచ్చటపడ్డాడు. "మతం అన్నచోట హిందూ అని రాసేయండి మాస్టారూ. మీ చర్చికి మీరు వెళ్లండి, ఎవరొచ్చి చూస్తారు? మీవాళ్లు చాలామంది అలాగే రాస్తున్నారు" అన్నాడు. నిజమే, రాస్తున్నారు. సంఘం పుస్తకంలో ఒక పేరు, బడి పుస్తకంలో ఒక పేరు ఉన్నవాళ్లు మా చుట్టూ ఉన్నారు. నాన్న నా వైపు చూపించి, అమ్మాయి ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు అన్నాడు. మా బాప్టిస్టు సంఘాల్లో పసిపిల్లలకు ఇవ్వరు, తెలివొచ్చాక తమంతట తాము ఒప్పుకుని తీసుకోవాలి. "ఇంకేం మరి, ఇంకా తేలికే కదా!" అన్నాడు గుమాస్తా.

నాన్న ఫారం నా ముందు పెట్టాడు. తన జేబులో పెన్ను తీసి మూత విప్పి నాకిచ్చాడు. "ఇది నేను రాసేది కాదమ్మా. నువ్వు ఏది రాసినా నేను నీ తండ్రినే" అన్నాడు.

ఫారం ఒడియాలో ఉంది. ఖ్రిస్టియాన్ అని రాశాను. నమ్మకంతో రాశానో, పక్కన నాన్న నిలబడి ఉన్నాడు కాబట్టి రాశానో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. రెండూ ఉన్నాయి. ఆ గది దాటి బయటికి రాగానే కాళ్లు వణికాయి, అది గుర్తుంది. ఫలితాలొచ్చాక తెలిసింది, ఎస్సీల వరసలో అయితే నా మార్కులకు సీటు వచ్చేది. జనరల్ వరసలో ఎక్కడో కింద ఉన్నాను.

నాన్న మీద చాలా కోపం వచ్చింది. చాలాకాలం ముక్తసరిగానే మాట్లాడాను. ఆ కోపం అన్యాయమని నేనిప్పుడు కూడా అనుకోను. పదిహేడేళ్ల పిల్ల చేతిలో అంత బరువు పెట్టకూడదు. ఆయనే రాసి ఉంటే ఆయన్ని తిట్టుకుని ఊరుకునేదాన్ని. పెన్ను నా చేతికిచ్చి నన్ను కూడా ఆ కాటా దగ్గర నిలబెట్టాడు. ఒకరోజు ఆయనతో ఈ మాటే అన్నాను. ఆయన వాదించలేదు. "నిజమేనమ్మా. నీకు బరువే. నాకింకో దారి కనపడలేదు" అన్నాడు. "తన్నుతాను ఉపేక్షించుకొని, ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" అని లూకా సువార్తలో ఉంది, చిన్నప్పుడు కంఠతా పెట్టించారు. ఆ ప్రతిదినంలో తహసీలు ఆఫీసులో గడిపే పూట కూడా ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నేను బిస్సంకటక్ వెళ్లి నర్సింగు చదివాను. 1954లో ఎలిజబెత్ మాడ్సెన్ అనే డేనిష్ డాక్టరమ్మ మొదలుపెట్టిన ఆసుపత్రి అది, నియంగిరి కొండల దగ్గర. అక్కడే ఒక చలికాలం ఆదివారం పొద్దున్న బాప్తిస్మం తీసుకున్నాను. ఈసారి పక్కన నాన్న లేడు. కావాలనే ఆయనకు కబురు పెట్టలేదు, నా అంతట నేనే తీసుకోవాలని. తరవాత ఉత్తరం రాస్తే, జవాబులో ముత్యాల్లాంటి ఆ అక్షరాలతో ఒక్కటే వాక్యం వచ్చింది: అమ్మా, నీ ఉత్తరం మీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. కాన్పుల గదిలో ఎన్నో ఏళ్లు పనిచేశాను. రాత్రిపూట డాక్టరు వచ్చేలోపు బిడ్డ అడ్డం తిరిగి ఉంటే నా చేతులకు తెలిసేది. తెలిసి కూడా ఎదురుచూడవలసి వచ్చేది, ఎందుకంటే నేను డాక్టరుని కాదు. అప్పుడు ఆ ఫారం గుర్తొచ్చేది. ప్రతిసారీ గుర్తొచ్చేది. దాన్ని దేవుని ప్రణాళిక అని తేలిగ్గా చెప్పేవాళ్లంటే నాకు ఓపిక లేదు.

2008 ఆగస్టులో ఒడిశాలోనే కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద దాడులు జరిగి ఇళ్లు తగలబడినప్పుడు నేను సెలవు మీద ఇంట్లోనే ఉన్నాను. మా ఊళ్లో మమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. కానీ కొన్ని ఆదివారాలు తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకున్నాం. మౌసీ అప్పటికి లేదు. ఆవిడ కొడుకు చాప తెచ్చుకుని కొన్ని రాత్రులు మా వరండాలో పడుకున్నాడు. ఎందుకు బాబూ అంటే, మా ఇంట్లో ఉక్కగా ఉంది అన్నాడు.

నాన్న పోయాక ఆదరణ కూటంలో పాస్టరు గారు అమ్మను రెండు మాటలు చెప్పమన్నారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, మంచివాడు. "అయ్యగారు షావుకారు దగ్గర ఉద్యోగం వదిలేశాక దేవుడు మిమ్మల్ని ఎలా ఆశీర్వదించాడో చెప్పండమ్మా" అన్నారు. అమ్మ లేచి నిలబడి కాసేపు ఆలోచించింది. "అలా ఏటీ అవనేదు బావూ. శానా కష్టపడ్డాం. పిల్లలు పస్తులున్నారు. ఆయన సైకిలు తొక్కీ తొక్కీ మోకాళ్లు పోగొట్టుకున్నాడు. మళ్లీ ఆ రాయి ఎత్తమంటే మళ్లీ ఎత్తనని అనేవోడు" అని చెప్పి కూర్చుంది. పాస్టరు గారికి ఏం చెయ్యాలో తోచక కీర్తన ఎత్తుకున్నారు. నేను విన్న సాక్ష్యాల్లో అంత నిజమైనది ఇంకొకటి లేదు.

తమ్ముడు తన కాగితాల్లో హిందూ అని రాసుకున్నాడు. ఉద్యోగం వచ్చింది, అమ్మను బాగా చూసుకున్నాడు, ప్రతి ఆదివారం ఆఖరి బెంచీలో కూర్చుంటాడు, ప్రభు బల్లకి మాత్రం ఎన్నడూ ముందుకు రాడు. వాడు కట్టిన వెల అది. నాది ఎక్కువా వాడిది ఎక్కువా అని నేను తూచను. ఆ షరతు పెట్టిన చట్టమే మా ఇద్దర్నీ అలా చెరో పక్క నిలబెట్టింది.

ఇప్పుడు వాడి కూతురి వంతు. పిల్ల చురుకైనది, బాప్తిస్మం తీసుకుంటానని పోయిన ఏడాది నుంచీ అంటోంది. క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఉద్యోగం కోసం హిందూ అని ఎస్సీ హోదా అడగడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తనే ఫోన్లో వెతికి చదివింది. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలా అన్నది చూడమని 2022లో కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్ గురించి కూడా చదివింది. "అత్తా, నువ్వయితే ఏం రాస్తావు?" అని అడిగింది. నేనేం రాశానో దానికి తెలుసు. రాసినందువల్ల ఏమేం పోయాయో, రాయనందువల్ల వాళ్ల నాన్నకి ఏం పోయిందో రెండూ దాచకుండా చెప్పాను. నువ్వు ఏది రాసినా నేను నీ మేనత్తనే అని కూడా చెప్పాను. నా చేత నిర్ణయం చెప్పించాలని ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది, నేను చెప్పడం లేదు. దరఖాస్తుకి ఈ నెలాఖరు గడువు. శనివారం వాళ్ల నాన్న, అది, నేను ముగ్గురం కలిసి తహసీలు ఆఫీసుకి వెళ్తున్నాం.